క్లచ్చి తోలు

డాక్టరమ్మగారు పంతొమ్మిదివందల ముప్పైఆరు మార్చిలో స్వదేశం వెళ్ళిపోతూ మా ఆవిడకు రెండు వస్తువులు అప్పగించారు. ఒకటి ఆవిడ స్టెతస్కోపు. రెండోది ఏలూరు మిషను కాంపౌండులో, రేకుల షెడ్డు కింద, కదలకుండా నిలబడ్డ కారు.

మా ఆవిడ సలోమి మిషను డిస్పెన్సరీలో నర్సు. నేను అదే కాంపౌండులోని స్కూల్లో లెక్కల మాస్టర్ని. కొల్లేటి లంకల్లో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా డాక్టరమ్మగారు ఆ కారు తనే నడుపుకుంటూ వెళ్ళేవారు. సలోమి పక్కన కూర్చునేది. ఎండాకాలంలో కొల్లేటి నీళ్ళు లోపలికి తీసేస్తే పడవలు నడవవు. బురద ఆరి గట్టిపడ్డ చోట కారు నడుస్తుంది. అలాంటి మైదానంలోనే, అడ్డం రావడానికి కొంగలు తప్ప ఎవరూ లేని చోట, ఆవిడ సలోమి చేత స్టీరింగు పట్టించారు. నాలుగేళ్ళలో మా ఆవిడ నడపడం నేర్చుకుంది. కారు నడవడం మానేసింది.

ఏప్రిల్లో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు ఎలీయాజరు గారు మమ్మల్ని ఆపారు.

"తాడేపల్లిగూడెం రైసుమిల్లు నాగేశ్వరరావుగారు ఆ కారు అడుగుతున్నారమ్మా. ఇంజను ఊడదీసి నీళ్ళు తోడడానికి పెట్టుకుంటారట. కమిటీవారు ఇచ్చేద్దామంటున్నారు."

"మరి లంకలకి నేనెలా వెళ్ళనండీ?" అంది సలోమి.

"ఎడ్లబండి ఉందిగా."

"బండి మీద వెళ్ళేసరికి పొద్దుగూకిపోతుందండి. నేను వెళ్ళేది పెళ్ళికి కాదుగా."

పాస్టరుగారు నవ్వారు. మంచి మనిషి. "సరే, మే నెలాఖరుకి అది నడిస్తే ఉంచుకుందాం. నడవకపోతే జూన్ ఒకటో తారీఖున ఆయన వచ్చి పట్టుకెళ్తారు. ఇంతకీ ఎవరు బాగుచేస్తారు?"

"మా ఆయనండి," అంది సలోమి.

ఆ సంగతి నేను వినడం అదే మొదటిసారి.

సీటు కింద పెట్టెలో కారుతోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం దొరికింది. భాగాల బొమ్మలు, పేర్లు, నంబర్లు అన్నీ ఉన్నాయి. లెక్కల మాస్టరుకి పుస్తకం దొరికితే ఇంకేం కావాలి? మూడు రోజులు చదివి, నాలుగో రోజు చొక్కా చేతులు పైకి మడిచి, ముందున్న హ్యాండిలు పట్టుకుని బలంగా తిప్పాను. తిప్పేముందు స్టీరింగు కింది చిన్న మీట వెనక్కి జరపాలని పన్నెండో పేజీలో ఉంది. మరిచిపోయాను. హ్యాండిలు వెనక్కి తన్ని నా మణికట్టు బెణికింది.

సలోమి కట్టు కడుతూ, "పన్నెండో పేజీ ఇంకోసారి చదువుకోండి," అంది.

చెయ్యి కుదుటపడ్డాక మళ్ళీ మొదలుపెట్టాను. పెట్రోలు గొట్టం విప్పి ఊదితే కందిరీగ కట్టిన మట్టిగూడు బయటికొచ్చింది. ప్లగ్గులకు పట్టిన మసిని సలోమి డిస్పెన్సరీ స్పిరిటుతో తుడిచింది, సూదులు తుడిచినంత శ్రద్ధగా. రేడియేటరు ఒకచోట కారుతుంటే గుప్పెడు ఆవపిండి తెచ్చి నీళ్ళలో వేసింది. డాక్టరమ్మగారు అలాగే చేసేవారట. కారడం నిజంగానే ఆగింది. కాకపోతే ఇంజను వేడెక్కినప్పుడల్లా షెడ్డంతా ఆవకాయ కలిపిన ఇల్లులా వాసన వేసేది.

చక్రాలది ఇంకో గొడవ. ఆ కాలపు కారు చక్రాలకి ఎడ్లబండి చక్రంలా కర్ర ఆకులే. ఎండకి ఎండిపోయి, తోస్తే చాలు కిర్రుకిర్రుమంటున్నాయి. పుస్తకంలో దానికి మందు లేదు.

"చక్రానికి దాహమేస్తోందిరా," అని వెనకనుంచి వినబడింది. "నానబెట్టు."

కాలువకి నీళ్ళు కట్టేసిన రోజులు. బావి పక్కన గుంట తీసి, నీళ్ళు నింపి, ఒక్కొక్క చక్రాన్నీ రెండేసి రోజులు నానబెట్టాను. కర్ర ఉబ్బి బిగుసుకుంది. చప్పుడు పోయింది.

ఆ మాట అన్నది మా నాన్న. షెడ్డుకి పది గజాల దూరంలో నిలబడి అని, అట్నుంచి అటే వెళ్ళిపోయాడు.

మా నాన్న పేరు అబ్బులు. నిడమర్రు దగ్గర పల్లెలో నలభై ఏళ్ళు తోలుపని చేశాడు. చెప్పులు, ఎద్దుల మెడపట్టెలు, చర్నాకోలలు. ఆ పని మీద వచ్చిన డబ్బుతోనే నన్ను మిషను బోర్డింగులో ఉంచి చదివించాడు. అమ్మ పోయాక మా దగ్గరికి తెచ్చుకున్నాను. వచ్చిన కొత్తలో వరండాలో కూర్చుని ఏదో ఒకటి కుడుతూ ఉండేవాడు. ఒకరోజు స్కూలు చూడడానికి వచ్చిన ఒక పెద్దమనిషికి చెప్పు తెగింది. వరండాలో మా నాన్నను చూసి, కాలు చాపి, "ఇది కుట్టిపెట్టవోయ్" అన్నాడు. నాన్న సంతోషంగా కుట్టిచ్చాడు. అప్పుడే బడినుంచి వస్తున్న నన్ను చూసి ఆ పెద్దమనిషి, "మాస్టారూ, మీ చెప్పులవాడు మంచి పనిమంతుడండీ," అన్నాడు.

"అవునండి," అన్నాను. ఆయన మా నాన్న అని చెప్పలేదు.

ఆ సాయంత్రం నాన్నతో, "ఇక్కడ ఇవన్నీ ఎందుకు నాన్నగారూ? హాయిగా కూర్చోండి," అన్నాను. మర్నాటికి ఆయన పనిముట్ల సంచి అటక ఎక్కింది. ఎక్కించింది ఆయనే. ఆ తర్వాత రెండేళ్ళపాటు నాన్న కూర్చున్నాడు. హాయిగా కూర్చున్నాడో లేదో నేను అడగలేదు.

ఏప్రిల్ ఆఖరివారంలో ఇంజను స్టార్టయింది. కాంపౌండులో ఉన్నవాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు. సలోమి సీట్లో కూర్చుని, గేరు వేసి, పెడలు మీద నుంచి కాలు మెల్లగా తీసింది. ఇంజను గోల పెట్టింది. కారు మాత్రం పాతేసినట్టు అక్కడే ఉంది. కింద నుంచి కాలిన వాసన.

మర్నాడు పాసింజరెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాను. అక్కడ జగ్గారావు అని బస్సుల మెకానిక్కు ఉన్నాడు. నేను వెళ్ళేసరికి ఒక బస్సు కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి. ఆ కాళ్ళతోనే మాట్లాడాను.

"ఇంజను అరుస్తుంది, బండి కదలదు. అంతేగాండీ?" అన్నాడు లోపల్నించి.

"అంతే."

"క్లచ్చి తోలు పోయిందండి."

"తోలా?"

"ఆయ్, తోలేనండి." జగ్గారావు బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు. "కొత్త బళ్ళకి వేరే రకం వస్తున్నాయిగాని ఆ పాతవాటికి తోలేనండి. గిన్నెలో గిన్నె ఇమిడినట్టు ఉంటుంది. లోపలి గిన్నెకి చుట్టూ తోలు తొడుగు. అది పట్టుకుంటేనే ఇంజను తిరుగుడు చక్రాలకి అందుద్ది. మీదేమో ఎండి బిరుసెక్కి జారిపోతోంది."

"ఎక్కడ దొరుకుతుంది?"

"మద్రాసు రాయండి. లేదంటే తోలుపని బాగా తెలిసిన మనిషి చేత ఇక్కడే చేయించేయొచ్చండి. అలాంటి మనుషులు ఎక్కడో గాని ఉండర్లెండి."

"మద్రాసే రాస్తాను," అన్నాను.

తిరుగు రైల్లో ఏలూరు వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. కోసేసిన చేలలో పశువులు తిరుగుతున్నాయి. నాకు మా ఇంటి అటక కనబడుతూనే ఉంది.

మద్రాసు నుంచి జవాబు రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ మోడలు సామాను ఇప్పుడు తెప్పించడం లేదని రాశారు. ఈలోగా నేను కారు అడుగు చెక్కలు విప్పి, పుస్తకం ఎదురుగా పెట్టుకుని, ఆ లోపలి గిన్నెను బయటికి లాగాను. నల్లగా మాడిన తోలు పెళ్ళలుగా ఊడింది. బజారులో తోలు ముక్క కొని తెచ్చాను. గిన్నె ఒకవైపు వెడల్పు, ఒకవైపు సన్నం, శంకువు లెక్క. కాగితం మీద గీసి, వెంట్రుకవాసి తేడా లేకుండా కత్తిరించాను. కాగితం చక్కగా అతికింది. తోలు అతకలేదు. ఒకచోట ఉబ్బింది, ఒకచోట చీలింది. మళ్ళీ చేశాను. రివిట్లు కొడుతుంటే అంచు చిరిగింది.

మే ఇరవై దాటింది. అన్నం వడ్డిస్తూ సలోమి మెల్లగా, "ఏవండీ, మావయ్యగారు రోజూ షెడ్డు దాకా వస్తున్నారు, మీరు తలెత్తేలోగా వెళ్ళిపోతున్నారు. చూశారా?" అంది.

"చూశాను."

"నేను అడగగలనండి. నేనడిగితే వెంటనే చేస్తారు కూడాను." మజ్జిగ పోసింది. "కానీ నేనడిగితే బాగోదు."

అన్నం తిని నిచ్చెన తెచ్చాను. అటక మీద సంచి ఎక్కడుందో వెతకనక్కర్లేకపోయింది. దుమ్ము దులిపి పట్టుకెళ్ళేసరికి నాన్న బావిగట్టు దగ్గర నీడలో కూర్చుని ఉన్నాడు. సంచి ఆయన ముందు పెట్టాను. కారు గిన్నె పక్కన పెట్టాను. నేను చింపిన తోళ్ళు రెండూ పెట్టాను.

"అయ్యా," అన్నాను. చిన్నప్పుడు అలాగే పిలిచేవాణ్ణి. నాన్నగారూ అనడం, మీరనడం మాస్టర్నయ్యాక అలవాటైంది. "ఇది నువ్వు చూడాలి."

ఆయన నా మొహం చూడలేదు. సంచి మూతి విప్పి, తోలు కోసే రంపె బయటికి తీసి, అంచు మీద బొటనవేలు ఆనించాడు.

"తుప్పు పట్టిందిరా," అన్నాడు. "ఆకురాయి పట్రా."

ఆ వారమంతా మా ఇంట్లో ఒకటే సందడి. నా తోళ్ళు చూసి నాన్న నవ్వాడు. "కొలత సరిగ్గానే వేశావు. కానీ తోలు కొలత మాట వినదురా. తడిపితే వింటుంది. అయినా ఇది డొక్క తోలు, సాగిపోద్ది. దున్నపోతు వీపు తోలు కావాలి, తంగేడు చెక్కలో బాగా ఊరింది." మేము వద్దంటున్నా వినకుండా ఊరు వెళ్ళి, మూడోరోజున భుజాన చుట్ట వేసుకుని వచ్చాడు. అంత వేగంగా నడవడం అమ్మ పోయాక నేను చూడలేదు.

తోలును రాత్రంతా నానబెట్టాడు. పొద్దున్నే గిన్నె చుట్టూ లాగి, కొబ్బరితాడుతో బిగించి కట్టి, నీడలో ఆరబెట్టాడు. మధ్యమధ్య వెళ్ళి చెవి పెట్టి వేలితో కొట్టి చూసేవాడు, కుండ కొన్నట్టు. ఆరాక తాడు విప్పితే తోలు గిన్నెకి పుట్టుకతో వచ్చిన చర్మంలా ఉంది. ఆరెతో బెజ్జాలు పొడిచాడు. రాగి రివిట్ల తలలు పైకి తగలకుండా తోలులోకి దిగేలా కొట్టమని సుత్తి నాకిచ్చాడు.

"పుస్తకంలో ఆముదం పట్టించమని ఉంది," అన్నాను.

"పుస్తకం రాసినోడికి పని తెలుసు," అన్నాడు నాన్న. ఆ పుస్తకానికి అంతకంటే పెద్ద మెప్పు ఎవరూ ఇచ్చి ఉండరు.

ముప్పై ఒకటో తారీఖు సాయంత్రం నేను కారు కిందా, నాన్న కారులో అడుగు చెక్కల సందునా, ఒకరి చేతికి ఒకరం రెంచీలు అందించుకుంటూ దాన్ని తిరిగి బిగించాం. సలోమి ఎక్కింది. కారు ఒక్క కుదుపు కుదిపి, చర్చి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చి ఆగింది. నాన్న దాని వెంటే చిన్నపిల్లాడిలా నడిచాడు.

మర్నాడు తెల్లవారుతూనే గుడివాకలంక నుంచి ఏడుకొండలు అనే వలల మనిషి వచ్చాడు. రాత్రి బయల్దేరి నడిచి వచ్చాడట. మోకాళ్ళ దాకా ఎండిన బురద.

"మా ఇంటిది గంగాభవానికి రెండ్రోజుల్నించి నొప్పులండమ్మా. బిడ్డ అడ్డం తిరిగిందంటోంది మంత్రసాని. మీరొకసారి రావాలండి."

సలోమి సంచి సర్దుకుంటూ నా వైపు చూసింది. నేను నాన్న వైపు చూశాను.

"తోలు ఇంకా కుదురుకోలేదు. రెండ్రోజులు ఆగితే మంచిది," అన్నాడు నాన్న. ఏడుకొండలు మొహం చూశాడు. తలగుడ్డ చుట్టుకున్నాడు. "నేనూ వస్తాను. పదమ్మా."

వెళ్ళేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. కొల్లేరు నేల నెర్రెలు విచ్చి, పైన తెల్లగా మెరుస్తోంది. లంకలో సలోమి గుడిసెలోకి వెళ్ళి కాసేపటికే బయటికి వచ్చింది. "పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలండి. ఇక్కడ నా వల్ల కాదు. కడుపులో బిడ్డ గుండె మాత్రం కొట్టుకుంటోంది." గంగాభవానిని వెనక సీట్లో పడుకోబెట్టాం. ఏడుకొండలు ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాడు. గంగాభవాని తల్లి పరిగెత్తుకొచ్చి కారు రేకు మీద చెయ్యి వేసి దణ్ణం పెట్టింది.

సరస్సు నేల దాటి రోడ్డెక్కాలంటే గట్టు ఎక్కాలి. సగం ఎక్కాక ఇంజను అరవడం మొదలుపెట్టింది. కారు ఆగి, మెల్లగా వెనక్కి జారింది. సలోమి బ్రేకు నొక్కి పట్టుకుంది. నేను దిగి చక్రం కింద రాయి పెట్టాను. వెనక సీట్లోంచి మూలుగు వినబడుతూనే ఉంది.

నాన్న అడుగు చెక్క ఎత్తి లోపల వేలు పెట్టి చూశాడు.

"ఆముదం ఎక్కువ తాగింది. నాదే తప్పు."

కారు దిగి కిందికి వెళ్ళాడు. నెర్రెల అంచున పెంకులా లేచిన బంకమన్ను నాలుగు పెళ్ళలు విరిచి, అరచేతుల మధ్య నలిపి నలిపి పిండి చేశాడు. తలగుడ్డ విప్పి, ఆ పిండిని అందులో వేసి జల్లించాడు. మెత్తటి బూడిదలాంటిది కిందికి రాలింది. దాన్ని పట్టుకొచ్చి చెక్కల సందులోంచి తోలు మీద చల్లాడు, చంటిపిల్లకి పౌడరు వేసినట్టు.

"ఒకసారి తొక్కమ్మా. వదులు. మళ్ళీ తొక్కు. ఇంకాస్త పీల్చనీ." ఇంకో చిటికెడు చల్లాడు. "ఇప్పుడు మెల్లగా వదులు. మెల్లగా."

సలోమి పెడలు మీద నుంచి కాలు తీసింది. నేనూ నాన్నా వెనక నుంచి తోశాం. నా భుజం పక్కనే ఆయన భుజం. కారు ఒకసారి వణికి, పట్టుకుంది. మా చేతుల్లోంచి ముందుకు సాగిపోయి గట్టెక్కింది. మేమిద్దరం దుమ్ములో నిలబడిపోయాం.

"పట్టుకుందిరా," అన్నాడు నాన్న.

గంగాభవానికి ఆ మధ్యాహ్నం ఆపరేషను చేసి ఆడపిల్లను తీశారు. ఇద్దరూ బతికారు.

ఆసుపత్రి నుంచి కాంపౌండుకి వచ్చేసరికి షెడ్డు ముందు రెండు ఎడ్లబండ్లు, మోకులతో నలుగురు కూలీలు, పాస్టరుగారు, రైసుమిల్లు నాగేశ్వరరావుగారు. ఒకటో తారీఖన్న సంగతి మాకు గుర్తే లేదు. సలోమి వాళ్ళ ముందు నుంచే నడుపుకుంటూ వచ్చి కారు షెడ్డులో పెట్టింది. పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

నాగేశ్వరరావుగారు కారు చుట్టూ తిరిగి చూశారు. "పోయిన నెల మావాడొచ్చి చూసి, క్లచ్చి పోయింది, ఇక నడవదన్నాడండి. ఎవరండీ మెకానిక్కు?"

నాన్న అప్పటికే సంచి చంకన పెట్టుకుని ఇంటి వైపు నడుస్తున్నాడు.

"మా నాన్నండి," అన్నాను. "అబ్బులుగారు. ఆయనది తోలుపనండి. ఆ క్లచ్చి తోలు ఆయన చేసిందేనండి."

నాన్న ఆగాడు గాని వెనక్కి తిరగలేదు.

నాగేశ్వరరావుగారు ఆయన దగ్గరికి నాలుగడుగులు వేశారు. "ఏవండీ అబ్బులుగారూ, మా మిల్లులో మర తిప్పే తోలు బెల్టు ప్రతి పదిరోజులకీ అతుకు దగ్గర తెగుతోందండి. ఎవరు కుట్టినా నిలవడం లేదు. మీరు కుట్టగలరా?"

"చూడకుండా ఎలా చెప్పనండీ?" అన్నాడు నాన్న. "తోలు ఎలాంటిదో, అతుకు ఏటవాలుగా కోశారో, తిన్నగా కోశారో."

"తిన్నగానేనండి."

"అదేనండి మరి," అన్నాడు నాన్న, పాపం అన్నట్టు.

మూడోరోజు రైల్లో బెల్టు ఏలూరు వచ్చింది. మా వరండా ఆ చివర నుంచి ఈ చివరి దాకా పరుచుకుంది. జూన్ రెండో వారంలో వాన పడి, కొల్లేటి దారులు మూసుకుపోయాయి. సలోమి మళ్ళీ పడవలెక్కింది. కారు షెడ్డులోనే ఉండిపోయింది. దాన్ని మళ్ళీ ఎవరూ అడగలేదు. బడి తెరిచారు. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి నాన్న వరండాలో పనిలో ఉండేవాడు. పిల్లలు తెగిన బంతులూ పుస్తకాల సంచులూ తెచ్చేవారు. నేను కాళ్ళు కడుక్కుని ఆయన పక్కన కూర్చునేవాణ్ణి.

ఒక సాయంత్రం మైనం రాసిన దారం నా చేతికిచ్చి, బెల్టు అతుకులో జానెడు మేర నన్ను కుట్టమన్నాడు. గంటసేపు కుట్టాను. వేలికి రెండుసార్లు ఆరె గుచ్చుకుంది. పూర్తిచేసి, కాస్త గర్వంగానే ఆయన ముందుకు జరిపాను.

నాన్న దాన్ని వెలుతురుకి ఎత్తి ఇటూ అటూ తిప్పి చూశాడు. రంపె తీసుకుని, ఒక్కొక్క కుట్టే కోసి, దారమంతా లాగేసి, బెల్టు నా ఒళ్ళో పెట్టాడు.

"మళ్ళీ," అన్నాడు.

దారానికి కొత్తగా మైనం రాసి, మళ్ళీ మొదలుపెట్టాను.